దండ వేయడానికి పటమేదీ?

నర్సీపట్నం: పెద్దకర్మ రేపనగా ఫోటో స్టూడియో మెట్లెక్కి, "మా అమ్మ పొటో ఒక్కటీ నేదు బాబూ. మా తమ్ముడి పెళ్లిలో మీరు తీసినదాంట్లో ఎక్కడైనా ఉందేమో సూడండి" అని అడిగేవారు ఈ ప్రాంతపు ఫోటోగ్రాఫర్లకు కొత్తకాదు.

పాత నెగెటివులు వెదికితే పెళ్లికొడుకు వెనుక మూడో వరుసలో, ఎవరి భుజం చాటునో సగం ముఖం కనిపిస్తుంది. దానినే పెద్దదిగా చేసి, మసక తుడిచి, ఫ్రేము కట్టి ఇస్తారు. అరవై డెబ్బై ఏళ్లు పొలంలో నడుం వంచి పనిచేసిన మనిషికి ఇంట్లో మిగిలే ఆనవాలు ఆ సగం ముఖమే కావడం ఎంతైనా విచారకరం.

ఇందులో ఫోటోగ్రాఫరు తప్పేమీ లేదు. అతన్ని పిలిచేది జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు తీయడానికి. రీలు రోజుల్లో ఒక్కో రీలుకు 36 బొమ్మలే లెక్క. అరుగు మీద కూర్చున్న మామ్మకు రెండు బొమ్మలు ఖర్చుచేస్తే పెళ్లివారు ఊరుకునేవారు కారు. పైగా ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని పెద్దలే మొహం తిప్పుకునేవారు.

అయితే అలాంటి సగం ముఖాన్ని ఒక్కసారి పెద్దదిగా చేసి ఇచ్చి, దానిని చూసి కొడుకు కంటతడి పెట్టడం చూసిన ఫోటోగ్రాఫరు తరువాతి పెళ్లికి పాత మనిషిగా వెళ్లలేడు. మామ్మ మీదికే కాదు, గాడిపొయ్యి దగ్గర చెమటోడ్చే వంటవారి మీదికీ, డప్పును మంట సెగకు బిగించే వాద్యగాళ్ల మీదికీ అతని చూపు మళ్లుతుంది. నాలుగు డబ్బుల కోసం పట్టిన కెమెరా తన ఊరి చరిత్రను దాస్తున్నదని అప్పుడు తెలిసివస్తుంది. ఇది ఏ గురువూ చెప్పని పాఠం.

ఈ చూపు ఎంతదూరం తీసుకువెళుతుందో చెప్పడానికి వరంగల్ జిల్లాకు చెందిన భరత్ భూషణ్ సాక్ష్యం. పత్రికల్లో వార్తల ఫోటోలు తీస్తూనే ఆయన తెలంగాణ పల్లెల వైపు కెమెరా తిప్పారు. బతుకమ్మలు, పాత ఇళ్ల తలుపులు, కష్టజీవులైన ఆడవాళ్ల ముఖాలు ఆయన ఫోటోల్లో నిలిచాయి. 2022లో ఆయన కన్నుమూసినా ఆ పల్లెలు ఆ ఫోటోల్లో బతికే ఉన్నాయి.

మన ప్రాంతం సంగతి చూడండి. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసినప్పుడు ఆయన వెంట నడిచినవారు మన మన్యం మనుషులే. ఆయన రూపం ఊరూరా విగ్రహాల్లో కనిపిస్తున్నది. ఆయనతో నడిచినవారిలో ఎందరి ముఖాలు మన పిల్లలకు తెలుసు?

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉండగా ఈ బాధ ఎక్కడిదని కొందరు అనవచ్చు. ఫోను పోతే ఫోటోలు పోతాయి, నిండిపోతే చెరిపేస్తారు. పెళ్లికి ముందే లంబసింగి మంచులో జంటకు వందల ఫోటోలు తీయిస్తున్నారు. పందిట్లో డ్రోను ఎగురుతున్నది. నానమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నింపాదిగా ఒక్క ఫోటో తీయించేవారు మాత్రం అరుదు.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ముహూర్తానికి ముందు పది నిమిషాలు కేటాయించి, ఇరువైపులా పెద్దలకు పగటి వెలుతురులో విడివిడిగా ఫోటో తీయమని పెళ్లివారే కోరాలి. వారు కోరకపోయినా ఫోటోగ్రాఫరు తీయాలి. కాగితంపై అచ్చువేయించి వెనుక పేరు, ఊరు, సంవత్సరం రాసి ఉంచాలి. పేరు లేని ఫోటో మూడో తరానికి పరాయివారి ఫోటోయే.

ఇక పాత స్టూడియోల అటకల మీద ఉన్న నెగెటివుల సంగతి. చెమ్మ తగిలితే వాటికి బూజు పడుతుంది, బొమ్మ చెడిపోతుంది. స్టూడియో మూసే రోజున వాటిని చెత్తలో పోయకుండా ఆయా కుటుంబాలకు కబురు చేయాలి. ఎవరూ రాకపోతే భద్రపరచడానికి గ్రంథాలయంలో ఒక బీరువా ఇప్పించినా చాలు. పెద్దలు, పంచాయతీలు ఈ విషయంలో శ్రద్ధ చూపాలి.

రాబోయే పెళ్లిళ్ల సీజనుకైనా ఈ అలవాటు మొదలైతే, పెద్దకర్మ ముందురోజు స్టూడియో మెట్లు ఎక్కే అవసరం ఎవరికీ రాదు.