కొత్త పికప్ షెడ్డులోనే ఉంటే? వారంటీ బండికే.. ఆగిన రోజులకు కాదు!

పికప్ బండ్ల మీద జీఎస్టీ తగ్గింది. షోరూం నుంచి బండి తెచ్చుకోవడం కాస్త తేలికైంది. కానీ కొన్న కొన్ని నెలలకే బండి మొరాయిస్తే? వారంటీ ఉంది కదా అని ధీమాగా ఉంటే సరిపోతుందా? ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని డ్రైవర్ కమ్ ఓనర్లు తెలుసుకోవాల్సిన లెక్కలు ఇవి.

జీఎస్టీ తగ్గింది.. కిస్తీ ఆగదు

2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి, కరీంనగర్ వైపు మిల్లులకు వడ్లు, జగిత్యాల నుంచి మామిడి.. సీజన్ ఏదైనా ఊరికీ మార్కెట్‌కీ మధ్య తిరిగేవి ఈ చిన్న బండ్లే. చాలా బండ్లకు ఓనరూ, డ్రైవరూ ఒక్కరే. బండి కదిలితేనే కిరాయి, కిరాయి వస్తేనే కిస్తీ.

ఒక లెక్క చూద్దాం. నెలకు 18 వేల కిస్తీ ఉన్న బండి 20 రోజులు సర్వీస్ సెంటర్‌లో ఉందనుకుందాం. పార్టు ఫ్రీగానే వేశారు, లేబర్ చార్జీ కూడా తీసుకోలేదు. అయినా ఆ 20 రోజులకు కిస్తీ వాటానే 12 వేలు. పోయిన కిరాయిలు, నడుస్తున్న ఇన్సూరెన్స్ అదనం. బిల్లు సున్నా, నష్టం మాత్రం వేలల్లో. చాలా కంపెనీల వారంటీ షరతుల్లో, బండి ఆగడం వల్ల పోయే ఆదాయానికి తమ బాధ్యత లేదని ముందే రాసి ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడు ఆ లైను ఎవరూ చదవరు.

వారంటీ ఎప్పుడు అయిపోతుంది?

వారంటీకి రెండు లెక్కలుంటాయి. ఒకటి ఏళ్లు, రెండోది కిలోమీటర్లు. ఏది ముందొస్తే దానితోనే ముగుస్తుంది. బుక్‌లెట్‌లో 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు అని ఉందనుకోండి. రోజుకు 150 కిలోమీటర్ల చొప్పున నెలకు 26 రోజులు తిరిగే బండి ఏడాదికి దాదాపు 47 వేల కిలోమీటర్లు నడుస్తుంది. అంటే రెండేళ్లు దాటిన కొన్ని నెలలకే వారంటీ ఖతం. మూడేళ్లున్నాయి కదా అని చిన్న సమస్యను వాయిదా వేస్తే మునిగేది ఇక్కడే.

ఇక క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లైనర్లు, బల్బులు, వైపర్ల లాంటివి అరుగుదల కిందకే వస్తాయి. టైర్లు, బ్యాటరీకి సాధారణంగా వాటిని తయారు చేసిన కంపెనీల వారంటీయే వర్తిస్తుంది. క్లచ్ త్వరగా పోయిందంటే అది అరుగుదలా, తయారీ లోపమా అన్న దగ్గరే గొడవ మొదలవుతుంది.

బీఎస్-6 వచ్చాక కొత్త పేచీ

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ మొదలైంది. దీంతో డీజిల్ బండ్లలో సెన్సర్లు పెరిగాయి. పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టర్ వచ్చింది. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి. అందుకు బండి కాసేపు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. హైదరాబాద్-నాగ్‌పూర్ హైవే మీద తిరిగే బండికి ఇది సమస్య కాదు. కానీ కరీంనగర్ టౌన్‌లో మార్కెట్ నుంచి దుకాణానికి, దుకాణం నుంచి గోదాముకు నాలుగైదు కిలోమీటర్ల ట్రిప్పులు కొట్టే బండికి మసి పేరుకుంటుంది. వార్నింగ్ లైట్ వెలుగుతుంది, పికప్ తగ్గుతుంది.

సర్వీస్ సెంటర్ దీన్ని డ్రైవింగ్ తీరు వల్ల వచ్చిన సమస్య అనొచ్చు. ఓనర్ దీన్ని కొత్త బండి లోపం అంటారు. ఎవరిది నిజమో తేల్చేది బండిలోని కంప్యూటర్. లోపం వచ్చినప్పుడు ఈసీయూలో ఒక కోడ్ నమోదవుతుంది. ఆ కోడ్ ఏంటో జాబ్ కార్డు మీద రాయించుకోవాలి. లైట్ వెలిగినా పట్టించుకోకుండా వారాల తరబడి నడిపితే మాత్రం తప్పు ఓనర్ మీదకే వస్తుంది.

ఓవర్‌లోడ్, బయటి మెకానిక్.. ఈ రెండు మాటలే అడ్డు

క్లెయిమ్ తిరస్కరించడానికి ఎక్కువగా వినిపించే కారణాలు రెండు. మొదటిది ఓవర్‌లోడ్. స్ప్రింగ్ కట్టలు, యాక్సిల్, గేర్‌బాక్స్ దెబ్బతింటే ముందు అడిగేది లోడ్ గురించే. ఆర్సీలో రాసిన మొత్తం బరువు దాటితే వారంటీలో ఓనర్ వాదన బలహీనపడుతుంది. కాటా చీటీలు దాచుకుంటే అవే సాక్ష్యం.

రెండోది బయటి మెకానిక్. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆదిలాబాద్‌లో సీసీఐ అంటే పత్తి కొనే సంస్థే గుర్తొస్తుంది. ఇది వేరే సీసీఐ.. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా. ఈ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ జాబితాలో మారుతి, టాటా, మహీంద్రా కూడా ఉన్నాయి. విడిభాగాలు బయట దొరక్కుండా చేయడం మీద వచ్చిన కేసు అది. బయటి మెకానిక్ చేయి పెట్టాడన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయొద్దని, ఆ రిపేర్ వల్ల జరిగిన నష్టం వరకే రద్దు చేయొచ్చని కమిషన్ ఆదేశించింది. తర్వాత ఇది అప్పీళ్లకు వెళ్లింది. కాబట్టి దీన్ని పూర్తి రక్షణ అనుకోవద్దు. కానీ వాదనకు పనికొచ్చే తర్కం ఇందులో ఉంది. బయట హారన్ బిగించారని గేర్‌బాక్స్ క్లెయిమ్ కొట్టేస్తామంటే, రెండింటికీ సంబంధం ఏంటో రాతపూర్వకంగా చెప్పమని అడగాలి. అదే ఎక్స్‌ట్రా లైట్ల కోసం వైరింగ్ కోసి, తర్వాత వైరింగ్ కాలిపోతే మాత్రం అడగడానికి మాట మిగలదు.

జాబ్ కార్డులో ఏం రాశారో చూశారా?

ఉట్నూరు, బోథ్ వైపు బండి ఆగిపోతే దగ్గరి అధీకృత సర్వీస్ సెంటర్‌కు తేవడమే ఒక రోజు పని. అంత దూరం వచ్చాక నోటిమాటతో సమస్య చెప్పి తాళం ఇచ్చేస్తే, కాగితం మీద జనరల్ చెకప్ అని పడుతుంది. అదే సమస్యకు నాలుగోసారి వచ్చినా రికార్డులో అది కనపడదు. అందుకే..

* సమస్యను ఓనర్ చెప్పిన మాటల్లోనే రాయించాలి. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పడిపోతోంది అంటే అలాగే ఉండాలి.
* బండి ఇచ్చిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ, రీడింగ్ ప్రతిసారీ ఉండాలి.
* సమస్య ఏమీ లేదని రాసి ఇచ్చినా ఆ కాగితం తీసుకోవాలి. రేపు అదే లోపం మళ్లీ వస్తే అదే కీలకం.
* పార్టు స్టాక్ లేదంటే, ఎప్పుడు ఆర్డర్ పెట్టారో మెసేజ్ రూపంలో తీసుకోవాలి.
* వార్నింగ్ లైట్, శబ్దం, లీకేజీని ఫోన్‌లో వీడియో తీయాలి.
* డీలర్‌తో పాటు కంపెనీకి కూడా మెయిల్ పెట్టాలి.

ఆఖరిది ఎందుకంటే.. 2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక విషయం స్పష్టం చేసింది. డీలర్, కంపెనీ వేర్వేరు వ్యాపారులుగా ఒప్పందం చేసుకున్నప్పుడు, కంపెనీకి తెలియకుండా డీలర్ చేసిన తప్పును కంపెనీకి అంటగట్టలేమని చెప్పింది. మెయిల్ ఉంటే మాకు తెలియదు అనే మాటకు తావుండదు.

కిరాయి బండి ఓనర్ వినియోగదారుడేనా?

వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడు కాదు.. కమిషన్ దాకా వెళ్తే ముందు ఎదురయ్యే వాదన ఇదే. దీనికి జవాబు చట్టంలోనే ఉంది. స్వయం ఉపాధితో బతకడం కోసం కొని, తానే వాడుకునే వ్యక్తిని వినియోగదారుల రక్షణ చట్టం-2019 వినియోగదారుడిగానే చూస్తుంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, లారీ కొని తానే నడుపుకునే వ్యక్తి వినియోగదారుడే అని ఉదాహరణతో సహా చెప్పింది. అయితే నాలుగు బండ్లు కొని డ్రైవర్లను పెట్టి నడిపించే వాళ్ల పరిస్థితి వేరు.

కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. బండి హైదరాబాద్‌లో కొన్నా, కంపెనీ ముంబైలో ఉన్నా, కేసు తాను ఉండే చోటే వేసుకోవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తుంది. ఫీజు 5 లక్షల వరకు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఇ-జాగృతి ద్వారా కూడా ఫైల్ చేయొచ్చు. అంతకంటే ముందు 1915 నంబర్‌కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులోనే ఫిర్యాదు తీసుకుంటుంది.

లోపం చూడగానే తేలకపోతే కమిషన్ బండిని పరీక్షకు పంపొచ్చు. ఆ ఫీజు ముందుగా ఫిర్యాదుదారే కట్టాల్సి రావచ్చు. చట్టం ప్రకారం పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో, లేనిది 3 నెలల్లో తేలాలి. ఆచరణలో ఇంకా ఎక్కువ పట్టొచ్చని సిద్ధపడే వెళ్లాలి.

కొత్త బండి ఇస్తారా?

చాలామంది ఆశించేది ఇదే. కానీ 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ అంటే పాడైన పార్టును బాగు చేయడం లేదా మార్చడం వరకే అని, మొత్తం బండి మార్చడం కాదని చెప్పింది. బండి మార్చాలన్నా, డబ్బు వాపస్ రావాలన్నా రిపేర్‌తో పోని తయారీ లోపం ఉందని నిరూపించాలి.

హైదరాబాద్ కేసు ఒకటి చూస్తే కాలం విలువ అర్థమవుతుంది. జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ సంస్థ 2009 సెప్టెంబర్ 25న బీఎండబ్ల్యూ కారు కొంది. నాలుగు రోజులకే సమస్య వచ్చింది, నవంబర్‌లో మళ్లీ వచ్చింది. పోలీసు కేసు పెట్టారు. 2012లో హైకోర్టు ఆ కేసు కొట్టేస్తూనే కొత్త కారు ఇవ్వమంది. చివరకు 2024 జులై 10న సుప్రీంకోర్టు, 50 లక్షలు చెల్లించి ముగించమని కంపెనీని ఆదేశించింది. దాదాపు 15 ఏళ్లు! పెద్ద సంస్థ కాబట్టి నిలబడింది. కిస్తీ కట్టే పికప్ ఓనర్ 15 వారాలు కూడా ఆగలేడు.

రోజులను లెక్కపెట్టే చట్టం ఏది?

2021 ఏప్రిల్ నుంచి దేశంలో వాహనాల రీకాల్ నిబంధనలున్నాయి. ఏడేళ్లలోపు బండ్లలో భద్రతకు ముప్పు తెచ్చే లోపం ఎక్కువ మందికి వస్తే, వెనక్కి తీసుకుని సరిచేయమని కేంద్రం ఆదేశించొచ్చు. ఒక్క బండి పదేపదే ఆగిపోతే ఇది పనికిరాదు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లెమన్ చట్టాలున్నాయి. ఒకే లోపానికి ఇన్నిసార్లు రిపేర్ చేసినా పోకపోతే, లేదా బండి మొత్తం ఇన్ని రోజులు షెడ్డులో ఉంటే డబ్బు వాపస్ లేదా కొత్త బండి. చాలాచోట్ల ఆ లెక్క 30 రోజులు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఎన్ని రోజులు ఆగితే ఎక్కువ అన్నది ఎక్కడా రాసి లేదు. నష్టపరిహారం ఇచ్చే అధికారం కమిషన్‌కు ఉన్నా, ఆగిన ప్రతి రోజునూ నిరూపించుకోవాల్సింది ఓనరే.

రోజుల లెక్క చట్టంలోకి వచ్చే వరకు, ఆ లెక్క ఓనర్ ఫైల్లోనే ఉండాలి. కొత్త బండి తాళం తీసుకునే రోజే డీలర్‌ను ఒక ప్రశ్న అడగాలి. పార్టు లేక బండి వారం దాటి ఆగితే ఏం చేస్తారు? ఆ జవాబు రాతలో ఇస్తారా లేదా అన్నది బండి కొనే ముందే తెలియడం మంచిది.