ఇన్ని తెలుపులు ఎవరి కోసం సారూ?

ముందో చిన్న లెక్క. వెబ్ పేజీల్లో మనం వాడే రంగుల పట్టికలో ఐవరీ అంటే 255, 255, 240. ఫ్లోరల్ వైట్ అంటే 255, 250, 240. ఆకుపచ్చ ఓ ఐదు పాయింట్లు తగ్గిందంతే, పేరు మారిపోయింది! కోడ్ రాసేటప్పుడు మనలో ఎవడూ పట్టించుకోని తేడా ఇది. అదే సొంతింటి గోడ దగ్గరకొచ్చేసరికి ప్రతి సాఫ్ట్‌వేరోడూ రంగుల శాస్త్రవేత్త అయిపోతాడు.

మా నకిరేకల్ ఇంటికి ఇప్పుడు రంగులేయిస్తున్నాం. చుట్టాల్లో ఐటీ వాళ్లు నలుగురున్నారు. ఐవరీయా, లినెనా, ఆఫ్ వైటా అని నాలుగు రోజులుగా వాట్సాప్‌లో ఒకటే చర్చ. అక్కడేమో మేస్త్రీ, ఇద్దరు కూలీలు ఖాళీగా కూర్చున్నారు. పని చేస్తేనే వాళ్లకు కూలి. "ఏదో ఒకటి చెప్పుండ్రి సార్, లేకుంటే ఇంకో ఇంటికి పోతం" అన్నాడు మేస్త్రీ. మా నాయినైతే రెండు షేడ్లూ కిటికీ దగ్గర పెట్టి చూసి "గీ రెండిట్ల ఏది ఏదిరా?" అన్నాడు. నాకు తెలిసి ఈ మొత్తం చర్చలో తెలివైన ప్రశ్న అదొక్కటే.

లింకుల రంగు కోసం గూగుల్ 41 నీలం షేడ్లు పరీక్షించిన కథ మనందరికీ తెలుసు. అది భరించలేక ఒక డిజైనర్ 2009లో బయటికొచ్చేశాడు కూడా. కానీ వాళ్లకు లెక్కపెట్టడానికి కోట్ల క్లిక్కులున్నాయి. మీ హాలుకేముంది? సంక్రాంతికొచ్చే పది మంది చుట్టాలు!

తేడా అసలు లేదంటావా అని మీదికి రాకండి. ఉంది. కానీ అది ఫోన్లో కనపడదు. కెమెరా తెలుపును తనకిష్టమొచ్చినట్టు దిద్దుతుంది, ఒక్కో స్క్రీన్ ఒక్కోలా చూపిస్తుంది. పసుపు బల్బు కింద వెచ్చగా ఉన్న గోడే తెల్ల ట్యూబ్‌లైట్ కింద నీలంగా కొడుతుంది. కాబట్టి ముందు బల్బు తేల్చుకోండి. తర్వాత అదే గోడ మీద రెండు షేడ్లు రెండేసి కోట్లు వేయించి, పగలోసారి రాత్రోసారి చూడండి. ఒక్క రోజు పని. ఈ సూత్రం మన ముసలమ్మలకు ఎప్పుడో తెలుసు. సున్నం పచ్చగా కొట్టకుండా కాస్త నీలిమందు కలిపేవాళ్లు, గోడ మల్లెపూవులా ఉండేది. ఏ షేడ్ కార్డూ లేదు మరి!

నా కోపం అసలు రంగు మీద కాదు. నాలుగు రోజుల చర్చలో ఎవరూ అడగని ప్రశ్నల మీద.

గోడ అడుగున ఉప్పు తేలి పెచ్చులూడుతోంది, ఆ చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోంది? అది ఆపకపోతే ఐవరీ అయినా లినెన్ అయినా కలిసే రాలతాయి.

నాయిన కంట్లో శుక్లాలు ముదురుతున్నాయి. గోడ తెలుపు, తలుపు తెలుపు, స్విచ్ బోర్డు తెలుపు, మెట్టు మీద టైలూ తెలుపే. మెట్టు అంచు ఆయనకెలా కనపడాలి? మన కళ్లకు క్లాసుగా ఉంటే ఆయన కాలు విరిగినా పర్లేదా? మెట్టు అంచుకో ముదురు పట్టీ కొట్టండి, మీ 'న్యూట్రల్ థీమ్' చెడితే చెడనీండి.

ఇంకోటి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకొచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. పాత తలుపులు పొడిగా గీకితే ఆ దుమ్ము ముందు పోయేది పనోడి ఊపిరితిత్తుల్లోకి, తర్వాత నేల మీద పాకే పసిపిల్లల నోట్లోకి. తడిపి రుద్దమనడానికి, ఓ మంచి మాస్కు కొనివ్వడానికి ఎంతవుతుంది? 'ప్రీమియం' షేడ్ కోసం లీటరుకు ఎక్కువ పెట్టే చేతులు ఇక్కడెందుకు ముడుచుకుంటాయో!

ఏ తెలుపైనా వేస్కోండి సారూ, నెల తిరిగేసరికి దాని పేరు మీకే గుర్తుండదు. మేస్త్రీని కూర్చోబెట్టిన రోజులకు మాత్రం కూలి లెక్కగట్టి ఇచ్చేయండి. ఆ ఖాళీ మీ 'రిక్వైర్‌మెంట్ చేంజ్' వల్లే కదా!