‘బోర్డు పోయింది’ అనే తీర్పుకు ముందు

వాషింగ్ మెషీను ఆగిపోయిన ఇంట్లో మొదట వినబడే మాట ‘బోర్డు పోయింది’ అన్నదే. తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా, పలమనేరు, పుంగనూరు వంటి ఊళ్ళలోనైనా తీర్పు ఒక్కటే. చాలాసార్లు అది యంత్రం మూత విప్పకముందే వెలువడుతుంది. ఆ ఒక్క మాటకు కుటుంబం చెల్లించే మూల్యం వేలల్లో ఉంటుంది. పిల్లల ఫీజుకని దాచిన సొమ్ము కదులుతుంది. కొత్త బోర్డు వచ్చేదాకా దుప్పట్లు, పరదాలు ఇల్లాలే చేతులతో ఉతకవలసి వస్తుంది. రంజాను పండుగకు ముందు వారంలో ఇలా జరిగితే ఆ ఇంటి అవస్థ వేరే చెప్పనక్కర్లేదు. అందుచేత ఆ తీర్పును అంగీకరించే ముందు ఎలా విచారించాలో ఈ నెల పరిశీలిద్దాం.

ఈ యంత్రాలు మనకు పరాయివి కూడా కావు. డిక్సన్ సంస్థ టాప్‌లోడ్ ఆటోమేటిక్ మెషీన్లను తయారు చేస్తున్నది మన తిరుపతిలోనే. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఎల్‌జీ సంస్థ 2025 మే 8న శంకుస్థాపన చేసిన కర్మాగారంలో ఏడాదికి 8.5 లక్షల వాషింగ్ మెషీన్లు తయారు చేయాలన్నది ప్రణాళిక. మన పిల్లలు రేపు బిగించబోయే యంత్రం కడుపులో ఏమున్నదో మనకు తెలియకపోవడం విడ్డూరమే.

బోర్డు చేసే పని రెండు మాటల్లో చెప్పవచ్చు. అది కొన్ని చోట్ల నుండి కబురు అందుకుంటుంది. కొన్ని చోట్లకు ఆజ్ఞ పంపుతుంది. తలుపు మూసుకున్నదా, తొట్టిలో నీరు ఎంత ఉన్నది, మోటారు ఎంత వేగంతో తిరుగుతున్నది, నీరు ఎంత వేడెక్కినది అన్నవి కబుర్లు. నీటి వాల్వు తెరువు, పంపు తిప్పు, మోటారు నడుపు అన్నవి ఆజ్ఞలు. అనుకున్న వ్యవధిలో అనుకున్న కబురు రాకపోతే బోర్డు పని ఆపి, తెరమీద ఒక కోడు చూపుతుంది. ఎల్‌జీ యంత్రాలలో ‘ఐఈ’ అంటే నీరు సకాలంలో నిండలేదని, ‘ఓఈ’ అంటే నీరు బయటికి పోలేదని, ‘డీఈ’ అంటే తలుపు పడలేదని అర్థం. శామ్‌సంగ్ యంత్రాలు నీరు రానప్పుడు ‘4సీ’ అనీ, పోనప్పుడు ‘5సీ’ అనీ చూపుతాయి. తక్కిన కంపెనీల లిపి వేరు; అది యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ‘సీఎల్’ అన్న అక్షరాలు చూసి బెంబేలెత్తి మెకానిక్‌ను పిలిచే ఇళ్ళు కూడా ఉన్నాయి. అది అసలు లోపమే కాదు, పిల్లలు మీటలు నొక్కకుండా వేసే తాళం మాత్రమే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. కోడు అన్నది సాక్ష్యం; తీర్పు కాదు. ‘నీరు నిండలేదు’ అని మాత్రమే బోర్డు చెబుతున్నది. ఎందుకు నిండలేదో దానికి తెలియదు. పైగా నోరు తెరిచి ఇంత స్పష్టంగా ఫిర్యాదు చేయగలిగిన బోర్డు చాలా సందర్భాలలో బతికే ఉంటుంది. సాక్ష్యం చెప్పినవాడినే నేరస్థుడిగా నిర్ణయించడం మన ప్రాంతంలో మాత్రం అలవాటైపోయింది.

నీటి సంగతే తీసుకుందాం. తిరుపతికి కల్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్ళు ఉన్నా, జిల్లాలలో ఎన్నో ఇళ్ళు బోర్లమీదా ట్యాంకర్లమీదా ఆధారపడినవే. బోరు నీటితో సన్నని ఇసుక వస్తుంది; ఉప్పదనం సున్నంలా పేరుకుంటుంది. మెషీను వెనుక నీటి గొట్టం బిగించే చోట చిన్న జల్లెడ ఉంటుంది. అది మూసుకుపోతే నీరు దారంలా పడుతుంది, గడువు దాటుతుంది, కోడు వస్తుంది. కుళాయి కట్టి, ప్లగ్గు తీసి, గొట్టం విప్పి, జల్లెడను పాత టూత్ బ్రష్షుతో కడగడం ఎవరైనా చేయగల పని. రెండవది ఒత్తిడి. ట్యాంకులోని నీటిమట్టం యంత్రం కంటే ఒక మీటరు ఎత్తున ఉంటే సుమారు 0.1 బార్ ఒత్తిడి లభిస్తుంది. మిద్దెమీద గదిలో మెషీను పెట్టి, దాని నెత్తిమీదనే ట్యాంకు ఉంచితే వాల్వు సరిగా పనిచేయదు. కంపెనీ పుస్తకంలో కనీస ఒత్తిడి ఎంతో రాసి ఉంటుంది, చూసుకోవాలి.

జల్లెడ శుభ్రంగా ఉండి, ఒత్తిడి కూడా చాలినంత ఉంటే అప్పుడు వాల్వును అనుమానించాలి. ప్లగ్గు తీసిన తరువాత మెకానిక్ మల్టీమీటరుతో వాల్వు కాయిల్‌ను కొలుస్తాడు. 230 వోల్టుల వాల్వు అయితే సాధారణంగా 3 నుండి 5 కిలో ఓములు చూపుతుంది. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్లే. వాల్వు మారిస్తే సరిపోతుంది. కాయిల్ బాగుండి, తీగలూ బాగుండి, నీరు నింపవలసిన సమయంలో వాల్వుకు కరెంటు అందకపోతే అప్పుడు, అప్పుడే, వేలు బోర్డు వైపు చూపాలి. కరెంటు ఉండగా చేసే ఈ చివరి కొలత మెకానిక్ పని. ఇంట్లోవారు దాని జోలికి పోరాదు.

నీటిమట్టం తప్పుగా చూపే యంత్రాలలో తొట్టి అడుగు నుండి సెన్సారుకు పోయే సన్నని రబ్బరు గొట్టాన్ని ముందు చూడాలి. సబ్బు మడ్డి అడ్డుపడినా, ఎలుక కొరికినా బోర్డుకు తప్పుడు కబురే అందుతుంది. నీరు పోకపోతే పంపు జల్లెడలో రూపాయి బిళ్ళలు, పిన్నీసులు, దువ్వెన పళ్ళు దొరకడం మామూలే.

దీపం ఒక్కటీ వెలగని యంత్రం కథ వేరు. ముందు అదే సాకెట్టులో మరో పరికరం పెట్టి చూడాలి. కాలిన సాకెట్టును బోర్డు ఖాతాలో వేసిన సందర్భాలకు కొదవ లేదు. సాకెట్టు బాగుంటే వోల్టేజి దెబ్బ తగిలి ఉండవచ్చు. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తీగ తెగితే 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 వోల్టుల దాకా రావచ్చు. ఆ దెబ్బను తనమీద వేసుకోవడానికే చాలా బోర్డులలో వేరిస్టర్ అనే చిన్న బిళ్ళ, దానితోపాటు ఒక ఫ్యూజు ఉంటాయి. అవి కాలి బోర్డును కాపాడతాయి. తెలిసిన ఎలక్ట్రానిక్స్ పనివాడు ఆ రెండింటినీ కొద్ది ఖర్చుతో మార్చగలడు. తేమ తగలకుండా బోర్డుమీద జిగురు పోసి ఉంటే మాత్రం పని కష్టం. అలాంటప్పుడు కొత్తది కొనక తప్పకపోవచ్చు. తీగల కొనలలో పచ్చగా చిలుము పట్టినా యంత్రం ఒకరోజు నడిచి ఒకరోజు నడవదు. శుభ్రం చేసి తిరిగి గట్టిగా అమర్చితే కోలుకున్న యంత్రాలు ఎన్నో.

యంత్రాన్ని తాకినపుడు చేతికి జుమ్మని తగిలితే మాత్రం కోడులూ బోర్డులూ పక్కనపెట్టి వెంటనే వాడకం ఆపాలి. మన రాయలసీమ నేలలో ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోతుంది. ఎర్తు తీగ ఉన్నా లేనట్లే అవుతుంది. గుంతలో నీరు పోస్తూ ఉండటం, ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించడం, 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించడం తడిచేతులతో తిరిగే పిల్లలున్న ఇంటికి తప్పనిసరి.

ఇక మెకానిక్‌తో మాట్లాడే తీరు. “భాయ్, ఏ కోడు చూపింది? మీరు ఏమేమి కొలిచారు?” అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. కొలిచినవాడు చెబుతాడు, కొలవనివాడు తడబడతాడు. బోర్డు మారిస్తే పాతది మన చేతికివ్వాలనీ, బిల్లు రాసివ్వాలనీ ముందే చెప్పుకోవాలి. అయితే మన వైపు లోపాన్ని కూడా చూడాలి. అరగంట శ్రమపడి, జల్లెడ కడిగి యంత్రాన్ని నడిపించినవానికి “ఏమీ మార్చలేదు కదా, డబ్బెందుకు?” అని బేరమాడేది మనమే. భాగం అమ్మితేనే కూలి దక్కుతుందని అతనికి నేర్పినదీ మనమే. లోపాన్ని కనిపెట్టడమే అసలు విద్య. దానికి కూలి పూర్తిగా ఇవ్వవలసిందే.

కంపెనీ సర్వీసుతో వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌ను కూడా ప్రారంభించింది. ఫిర్యాదు చేసేటప్పుడు బిల్లు, వారంటీ కార్డు, తెరమీద కోడు కనబడేలా ఫోనులో తీసిన ఫొటో దగ్గర ఉంచుకోవాలి. ప్లగ్గు తీసి పెడితే ఆ కోడు చెరిగిపోవచ్చు గనుక ఫొటో తీశాకే స్విచ్చు ఆపండి.