మార్గళి చలికి తులసి మాడితే ఇంటి ఆడవాళ్ళని అనకండి



మార్గళి పుట్టింది. ఈసారి రాసేది కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. నేను చదువుకున్నది తమిళంలో, తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నది. అందుకని మాట అక్కడక్కడ రెండు భాషల మధ్య నడుస్తుంది. విషయం చలికాలంలో తొట్టి చెట్ల గురించి. ఆంధ్రా చుట్టాలు కుండీ అంటారు, మనకి తొట్టి అంటేనే నోటికి వస్తుంది. చెట్ల సంగతే అయినా దాని వెనక మనుషుల కష్టం ఉంది.

ఏటా పొంగల్ కలయికలో మన సంఘం ప్రతి కుటుంబానికీ ఒక తులసి మొక్కో, కరేపాకు మొక్కో ఇస్తుంది. మంచి పద్ధతే. కోయంబత్తూరు, మేట్టుపాళయం వాళ్ళు తీసుకుపోయినవి బాగానే బతుకుతాయి. కూనూరు, ఊటీ పైకి పోయినవి చాలావరకు మాసి నెల చూడవు. ఆకులు నల్లబడతాయి, కాడ వాలుతుంది, అంతే. అక్కడితో అయిపోతే ఒక మొక్క పోయిందనుకోవచ్చు. తర్వాత ఇంట్లో మాటలు మొదలవుతాయి. “తులసి ఎండితే ఇంటికి కీడు.” “ఎవరో మైలతో ముట్టుకున్నారు.” “ఈ కోడలు వచ్చాకే ఇలా అయింది.” ఇవి నేను పుస్తకంలో చదివిన మాటలు కావు, మన ఇళ్ళల్లోనే విన్నవి. ఒక ఇంట్లో ఆ పిల్ల రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

నేను చెప్పేది ఒకటే. కొండ మీద తులసి చచ్చేది చలికి. దానికి కోడలు కారణం కాదు, దేవుడి కోపమూ కాదు. చలికి మందు ఉంది. ఆ మందు చెప్పకుండా మొక్క చేతికిచ్చి పంపడం మన సంఘం మానుకోవాలి.

రైల్వేలో పార్సిల్ ఆఫీసు పని చేసినవాడిని కాబట్టి నాకు ఒక అలవాటు. ఏ సరుకైనా ఎక్కడికి పోతుందో చూశాకే కట్టు సరిగ్గా ఉందా లేదా అని చెప్పాలి. మన కొండ రైలునే చూడండి. మేట్టుపాళయం స్టేషన్ సముద్ర మట్టానికి 326 మీటర్ల ఎత్తు. ఉదగమండలం స్టేషన్ 2,203 మీటర్లు. మధ్య దూరం 46 కిలోమీటర్లే. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుందని లెక్క. అంటే పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి దిగే లోపల మన తులసి పన్నెండు డిగ్రీలు చల్లని ఊరికి వచ్చేసింది. మనకి స్వెట్టరు ఉంది, మొక్కకి ఏముంది?

తులసి వేడి నేల చెట్టు. పది డిగ్రీలకి కిందికి పోతే, మంచు గడ్డకట్టకపోయినా దాని ఆకు పాడవుతుంది. నమ్మకపోతే అరటిపండుని ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. రెండు రోజుల్లో తోలు నల్లబడుతుంది. అక్కడ గడ్డకట్టే చలి లేదు, ఎవరూ దిష్టి పెట్టలేదు. వేడి ఊరి చెట్టుకి చలి తగిలితే అలాగే అవుతుంది.

తమిళంలో మంచుని పని అంటారు. స్కూల్లో మాకు ఆరు రుతువులు చెప్పినప్పుడు మార్గళి, తై నెలలు మున్‌పని కాలం, మాసి, పంగుని పిన్‌పని కాలం అని నేర్పారు. రాత్రి ముందు భాగంలో మంచు పట్టేది ఒకటి, తెల్లవారుజామున పట్టేది ఒకటి. తెలుగులో హేమంతం, శిశిరం అంటాం. పెద్దవాళ్ళు అంత గమనించి నాలుగు నెలల్ని రెండుగా విడదీశారు. మనమేమో ఏడాది పొడుగునా ఒకే చెంబుతో ఒకే లాగ నీళ్ళు పోస్తాం.

ఊటీలో నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా గడ్డి మీద తెల్లగా ఉప్పు చల్లినట్టు కనపడే ఉఱైపని సంగతి అక్కడివాళ్ళకి తెలుసు. అది వానలాగ పైనుంచి రాలదు. మబ్బు లేని, గాలి లేని రాత్రి ఆకులోని వేడి ఆకాశంలోకి పోతుంది. ఆకు చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడి, తేమ దాని మీదే గడ్డకడుతుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలా వేడిని ఆపుతుంది. చల్లగాలి బరువు కాబట్టి పల్లంలోకి జారి నిలబడుతుంది. ఒకే వీధిలో మిట్ట ఇంటి మందారం బతికి, పల్లం ఇంటి మందారం మాడేది ఇందుకే. ఇందులో ఏ ఇంటి పాపమూ లేదు.

ఇది తెలిస్తే చెయ్యవలసింది దానంతట అదే తెలుస్తుంది.

ఒకటి. మొక్కకి ఆకాశం కనపడకుండా చెయ్యాలి. చూరు కింద, పెద్ద చెట్టు కింద పెట్టినా సగం ఆపద పోతుంది. పగలు ఎండ తగిలే గోడని ఆనుకుని పెడితే ఆ గోడ రాత్రి కొంచెం వేడి ఇస్తుంది.

రెండు. తులసి, కరేపాకు, తమలపాకు తీగ లాంటి వాటిని రాత్రి లోపలికి తేవాలి. మార్గళిలో సూర్యుడు దక్షిణం వైపు నడుస్తాడు కాబట్టి దక్షిణపు కిటికీ మంచిది. రాత్రి కిటికీ అద్దానికి ఆకు తగలకూడదు. తెచ్చే ముందు ఆకుల వెనక పిండినల్లి ఉందా చూడండి, లేకపోతే లోపలున్న చెట్లన్నిటికీ అంటుకుంటుంది.

మూడు. బయటే ఉండవలసిన వాటికి సాయంత్రం నాలుగు పుల్లలు గుచ్చి, పైన గోనెపట్టానో పాత పంచెనో కప్పండి. బట్ట ఆకుకి తగలకూడదు, అంచులు నేల దాకా రావాలి. ప్లాస్టిక్ కవరు ఆకుకి అంటుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ. పొద్దున ఎండ వచ్చాక తీసెయ్యండి. 1848లో మొదలైన ఊటీ బొటానికల్ గార్డెన్‌లోనే చలికాలంలో చెట్లకి ఎండు మిలారు కప్పుతారు. సర్కారు తోటకి లేని నామోషీ మనకెందుకు?

నాలుగు. నీళ్ళు తగ్గించండి. చలిలో చెట్టు తాగేది తక్కువ. తడి మట్టిలో వేరు కుళ్ళి పోయే చెట్లు చలికి పోయేవాటికన్నా తక్కువేమీ కాదు. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దించి, పొడిగా ఉంటేనే పోయండి. అది కూడా పొద్దున పది దాటాక. సాయంత్రం వద్దు. ఎరువు మాసి దాకా వద్దు. కలబందలాంటి నీటి చెట్లకి అయితే వారాల తరబడి చుక్క వెయ్యకపోయినా ఏమీ కాదు.

అయిదు. కొన మాడిందని వెంటనే కత్తిరించకండి. ఆ ఎండు కొమ్మే కింది కణుపుకి కప్పు. కాడని గోరుతో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. చలి పోయాక చిగురేస్తుంది, అప్పుడు కత్తిరించవచ్చు.

ఇంకొక మాట. తులసి నూరేళ్ళ చెట్టు కాదు. చలి లేని ఊళ్ళో కూడా రెండు మూడేళ్ళకి కాడ ముదిరి, ఆకు చిన్నదై ముసలిదవుతుంది. అందుకే ఎండిన వెన్నుల్లోంచి గింజలు దులిపి డబ్బాలో దాచుకోవాలి. మా అమ్మ దగ్గర ఆ డబ్బా ఎప్పుడూ ఉండేది. చెట్టు పోతే ఆమె ఏడ్చేది కాదు, డబ్బా మూత తీసేది.

ఇప్పుడు పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న నాకు తెలుసు. “ధనుర్మాసంలోనే కదా తులసికి దీపం పెట్టాలి, బృందావనం నుంచి ఎలా కదిలిస్తాం?” న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు ఇది. క్షీరాబ్ది ద్వాదశి పూజ బృందావనం దగ్గరే చెయ్యండి. ఆ తర్వాత తులసిని తొట్టిలో ఉంచి రాత్రి లోపలికి, పగలు బృందావనం మీదికి మార్చండి. దీపం, ముగ్గు బృందావనం దగ్గర మామూలే. దేవుడిని రాత్రి పవళింపు సేవకి పంపే మనకి తులసిని లోపలికి తేవడం అపచారం ఎలా అవుతుంది? పెరియాళ్వారుకి ఆండాళ్ దొరికింది శ్రీవిల్లిపుత్తూరులో ఆయన సాకిన తోటలో, తులసి చెట్టు కింద అంటారు. మన రాయలవారు ఆముక్తమాల్యద రాసింది ఆ కథ మీదే. పెరియాళ్వారు పూజారి మాత్రమే కాదు, రోజూ నీళ్ళు మోసి చెట్లు పెంచిన తోటమాలి. చెట్టుని కాపాడే చెయ్యి కూడా పూజ చేసే చెయ్యే.

“ఇంత కష్టం ఎందుకు, ఊటీవాళ్ళకి జెరేనియం ఇచ్చేస్తే సరి” అని ఒకాయన అన్నారు. జెరేనియం కూడా గడ్డకట్టే మంచుకి మాడుతుంది, అది వేరే సంగతి. కానీ ఆయన మాట నేను ఒప్పుకోను. తరాల కింద ఈ సీమకి వచ్చినవాళ్ళం మనం. మన భాషని ఇంటి లోపల పెట్టి, కప్పి, తక్కువ నీళ్ళతో అయినా బతికించుకున్నాం. కొండ ఎక్కిన కుటుంబానికి తులసి ఒద్దనడం కన్నా, దాన్ని ఎలా బతికించాలో చెప్పడం మనకి తగిన పని.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి మూడు మాటల్లో.

మొక్కలు పొంగల్‌కి కాకుండా ఉగాదికి ఇవ్వండి. ఏప్రిల్, మే నెలలు కొండ మీద వెచ్చని నెలలు. అప్పుడు నాటితే మార్గళి వచ్చేసరికి వేరు గట్టిపడుతుంది. కింది ఊళ్ళవాళ్ళు ఎండాకాలం నీళ్ళు పోస్తే చాలు.

మొక్కతో పాటు అర పేజీ కాగితం ఇవ్వండి. ఒక వైపు తెలుగు, ఒక వైపు తమిళం. మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. చదవగలిగిన భాషలో చెబితేనే చెట్టు బతుకుతుంది.

మూడోది అందరికంటే ముందు మా వయసువాళ్ళకి. ఈ తై నెలలో ఏ ఇంట్లో తులసి నల్లబడినా, “ఎవరు ముట్టుకున్నారు” అని అడగకండి. “రాత్రి ఎక్కడ పెట్టారు” అని అడగండి. మొదటి ప్రశ్నకి ఒక ఆడపిల్ల కన్నీళ్ళు తప్ప ఏమీ రావు. రెండో ప్రశ్నకి జవాబు దొరికితే వచ్చే ఏడు చెట్టు నిలబడుతుంది.

ఇందులో కాదనేవాళ్ళు ఉంటే కింద రాయండి. గింజలు కావలసినవాళ్ళు కూడా చెప్పండి, నా దగ్గర ఒక డబ్బా ఉంది.