ఇరవై ఒకటో గడి

2024 జూలై 19 ఉదయం శంషాబాద్ విమానాశ్రయంలో కంప్యూటర్లు పడకేస్తే, బోర్డింగ్ పాస్‌లు పెన్నుతో రాసి ఇచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడొకరి చేతిరాత పాస్ ఫొటో ఆ రోజంతా ఫోన్లలో తిరిగింది. మనమూ చూసి నవ్వుకుని నలుగురికి పంపాం. దాని వెనకున్న తప్పేమిటని ఆరా తీసినవాళ్లం మాత్రం తక్కువ. ఆరా తీయాల్సిన వృత్తిలో ఉన్న తెలుగువాళ్లమేమో లక్షల్లో ఉన్నాం.

క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్ ఆ రోజు ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఆగాయి. కారణం ఏమిటో తర్వాత ఆ సంస్థే నివేదిక రాసి చెప్పింది. చదివితే కడుపులో దేవినట్టవుతుంది. ఒకచోట 21 విలువలు వస్తాయని రాసుకున్నారు. పంపేచోట 20 మాత్రమే పంపారు. ప్రోగ్రాం ఇరవై ఒకటో గడి కోసం చెయ్యి చాపింది. అక్కడ దాని గడి లేదు, ఇంకెవరి జాగానో ఉంది. చెయ్యి చాపే ముందు “ఈ వరసలో ఎన్ని గడులున్నాయి?” అని చూసుకునే తనిఖీ ఒక్కటి ఉంటే సరిపోయేది. అది లేదు. కొంప మునిగాక పెట్టారు.

ఆ తనిఖీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్యేమీ కాదు. 1960ల మొదట్లో ఇంగ్లండులోని ఎలియట్ బ్రదర్స్ కంపెనీలో టోనీ హోర్ అనే యువకుడు ఆల్గాల్ 60 భాషకు కంపైలర్ తయారుచేస్తూ, ప్రోగ్రాం ఏ గడిని తాకబోయినా అది హద్దు లోపలే ఉందో లేదో చూసే ఏర్పాటు అందులో పెట్టాడు. దానికి కొంత సమయం ఖర్చవుతుంది. ఆనాటి యంత్రాలేమో నత్తలు. కొన్నేళ్లకు వాడుకదారులను అడిగారు, జోరు పెరగాలంటే ఈ తనిఖీ ఆపేసుకునే వీలు ఇవ్వమంటారా అని. అందరూ వద్దంటే వద్దన్నారు. తమ ప్రోగ్రాంలు ఎన్నిసార్లు హద్దు దాటుతున్నాయో వాళ్లకు అప్పటికే అనుభవమైంది. 1980లో ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ చేసిన ప్రసంగంలో హోర్ ఈ సంగతి చెప్పాడు. పేరున్న ఏ ఇతర ఇంజనీరింగ్ శాఖలోనైనా ఇంత మామూలు జాగ్రత్త వదిలేస్తే చట్టం ఒప్పుకునేది కాదని కూడా అన్నాడు. నలభై నాలుగేళ్ల తర్వాత శంషాబాద్‌లో పెన్నూ కాగితం బయటికొచ్చాయి.

ఊళ్లోవాళ్ల మీద వేలు చూపించే ముందు నా సంగతి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న కంపెనీలో, రైస్‌మిల్లుల్లో వడ్లు ఉడికించే బాయిలర్ల కంట్రోలర్లకు సీ భాషలో కోడ్ రాసేవాణ్ణి. బిల్డ్ కొట్టిన ప్రతిసారీ కంపైలర్ మూడు వందలకు పైగా వార్నింగ్‌లు కక్కేది. ఒకరోజు క్లయింట్ వస్తున్నాడు. “తెర మీద ఈ చెత్తంతా కనబడితే పరువేముంటుంది?” అన్నాడు మేనేజరు. బిల్డ్ ఫైల్లో నేనొక్క మాట చేర్చాను. వార్నింగ్‌లన్నీ మాయం, తెర అద్దంలా అయింది. రివ్యూ కాగితం మీద నలుగురం సంతకాలు పెట్టాం. మాయమైన వాటిలో ఒకటి నాకిప్పటికీ గుర్తుంది. ఉష్ణోగ్రత లెక్కలో వచ్చే పెద్ద విలువను చిన్న గడిలో కుక్కుతున్నారని కంపైలర్ మొత్తుకునేది. బాయిలర్ అంత వేడెక్కితే కదా, అనుకున్నాం.

అంతదాకా వస్తే కదా! 1996 జూన్ 4న ఈ మాటే ఒక రాకెట్‌ను ముక్కలు చేసింది.

ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియాన్ 5 ఆ రోజు తొలిసారి లేచింది. లోపల యూరప్ అంతరిక్ష సంస్థవి నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు. దాదాపు 37 సెకన్లకు, రాకెట్ ఎటు పోతోందో చెప్పే కంప్యూటర్ చేతులెత్తేసింది. అది చివరగా పంపిన తప్పుల వివరాలను ప్రధాన కంప్యూటర్ నిజమైన దిశ సమాచారం అనుకుని, రాకెట్ తోకలోని నాజిళ్లను ఒక్కసారిగా పక్కకు తిప్పేసింది. గాలి ఒత్తిడికి రాకెట్ విరిగిపోయింది. మూలం ఏమిటంటే, అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల గడి నుంచి 16 బిట్ల గడిలోకి మార్చబోతే అది పట్టలేదు. ఆ కోడ్ పాత ఏరియాన్ 4 నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నది. పాత రాకెట్ వెళ్లే దారిలో ఆ విలువ అంత పెరగదు. కొత్త రాకెట్ దారి వేరు. ఆ కొత్త దారి అంకెలతో ఎవరూ పరీక్షించలేదు. అసలు ఆ లెక్కతో రాకెట్ నేల విడిచాక పనే లేదు. పాత రాకెట్ల అవసరం కోసం ఎగిరాక కూడా నలభై సెకన్లపాటు నడవనిచ్చారు, కొత్తదాంట్లో తీసెయ్యలేదు.

మరి ఆ కోడ్ రాసిందేమో ఆషామాషీ భాషలో కాదు, అడాలో. ఇలాంటి ప్రాణాపాయపు పనుల కోసమే అమెరికా రక్షణ శాఖ పూనుకుని చేయించిన భాష అది. దాని ప్రమాణ పత్రానికి పెట్టిన 1815 అనే అంకె కూడా, ఆ భాషకు పేరిచ్చిన అడా లవ్‌లేస్ పుట్టిన సంవత్సరమే. విలువ గడిలో పట్టకపోతే అడా తప్పు లెక్కను గుట్టుగా చేతిలో పెట్టదు, కేకేస్తుంది. ఆ రోజూ కేకేసింది. కేక విని సర్దుకోవాల్సినచోట ఏమీ రాసి లేదు. ప్రమాదం ఉన్న ఏడు విలువల్లో నాలుగింటికే రక్షణ పెట్టారు, మూడింటిని వదిలేశారు. ప్రాసెసర్ మీద భారం 80 శాతం దాటకూడదన్నది లెక్క. కేక వినబడితే కంప్యూటర్‌ను ఆపెయ్యాలని కూడా ముందే రాసుకున్నారు. యంత్రమే పాడైందనుకుంటే పక్కన రెండోది ఉంది కదా! ఆ రెండోదాంట్లో ఉన్నదీ అక్షరం పొల్లుపోకుండా అదే కోడ్. అది 72 మిల్లీసెకన్ల ముందే పడిపోయి ఉంది.

జాక్ లూయి లియాన్స్ అధ్యక్షతన విచారణ జరిగింది. ఆ నివేదికలో నన్ను కుదిపిన సంగతి బిట్ల లెక్క కాదు. మూడు విలువలను రక్షణ లేకుండా వదిలేయాలన్నది ప్రాజెక్టు భాగస్వాములు, పలు కాంట్రాక్టు మెట్లలో, కలిసి తీసుకున్న నిర్ణయమట. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. మా రివ్యూ కాగితం మీది నాలుగు సంతకాలు అప్పుడు గుర్తొచ్చాయి. ఒక్కడే సంతకం పెట్టాల్సి వస్తే మాలో ఏ ఒక్కరమైనా ఆ వార్నింగ్‌లను ఒకసారి చదివి ఉండేవాళ్లం. నలుగురం కాబట్టి ఎవరమూ చదవలేదు.

రాకెట్‌లో మనుషులు లేరు, బతికిపోయాం. థెరాక్-25 అనే కేన్సర్ చికిత్స యంత్రం ముందు పడుకున్నవాళ్లకు ఆ అదృష్టం లేదు. 1985, 1987 మధ్య అమెరికా, కెనడాలలో ఆరుగురికి అది మోతాదును ఎన్నో రెట్లు మించి రేడియేషన్ ఇచ్చింది. కొందరు చనిపోయారు. పాత నమూనాలో తప్పు జరగకుండా ఆపే ఇనుప ఏర్పాట్లు ఉండేవి. సాఫ్ట్‌వేర్ ఉందిగా అని ఇందులో తీసేశారు. దాని అసెంబ్లీ కోడ్‌లో ఒక బైటు ఉంది. అది సున్నా కాకపోతే తనిఖీ చెయ్యాలి. ప్రతిసారీ దానికి ఒకటి కలుపుతూ పోయారు, 256వసారి అది తిరిగి సున్నా అయ్యేది. సరిగ్గా ఆ క్షణాన మీట నొక్కితే తనిఖీ జరగదు. ఇంకో ఘోరం ఉంది. ఆ యంత్రం రోజుకు ఎన్నోసార్లు ఏదో ఒక లోపం నంబరు చూపించేది. నడిపేవాళ్లకు అలవాటైపోయి “పి” అక్షరం నొక్కి ముందుకు పోయేవారు. వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. నేను అంతకన్నా తెలివిగా, నంబరే కనబడకుండా చేసినవాణ్ణి.

“రస్ట్ భాష వచ్చేసింది, ఇక చింత లేదు” అంటారు కుర్రవాళ్లు. ఏరియాన్ కథ తెలిశాక ఆ మాట ఒప్పుకోలేను. “భాష ఏదైతేనేం, రాసేవాడు మంచివాడైతే చాలు” అనే పెద్దవాళ్ల మాట ఇంకా ఒప్పుకోను, అది బద్ధకానికి వేసిన పట్టుశాలువా. రస్ట్ పుట్టుక చూడండి. 2006లో వాంకూవర్‌లో గ్రేడన్ హోర్ అనే ప్రోగ్రామర్ (ఈ హోర్ వేరు) ఇంటికొస్తే లిఫ్ట్ ఆగిపోయి ఉంది, దాని సాఫ్ట్‌వేర్ కూలిపోయిందట. ఇల్లు 21వ అంతస్తులో. ఇక్కడా ఇరవై ఒకటే! మెట్లెక్కుతూ ఆలోచించి, మెమరీ హద్దులను కంపైలరే కాపలా కాసే భాషకు శ్రీకారం చుట్టాడు. మనమైతే లిఫ్ట్ కంపెనీని తిట్టుకుంటూ ఎక్కేవాళ్లం.

స్వీడన్‌లో ఎరిక్సన్ కంపెనీలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన తోటివాళ్లు 1986 నుంచి టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం కట్టిన ఎర్లాంగ్ దారి మరొకటి. మనిషి తప్పు రాస్తాడు, దాన్ని దాచొద్దు అంటుందది. చిన్న చిన్న పనులుగా విడదీస్తారు. ఒకటి చెడితే అది చచ్చి ఊరుకుంటుంది, పక్కదాన్ని ముట్టుకోదు. పైన కనిపెట్టుకుని ఉన్న మరో పని దాన్ని మళ్లీ మంచి స్థితి నుంచి మొదలుపెడుతుంది. మీ వాట్సాప్ సర్వర్లు నడిచేది ఆ భాష మీదే. తప్పు జరిగిందని బయటికి చెప్పినవాణ్ణి శిక్షించకుండా నిలబెట్టే పద్ధతి ఆ భాషలో ఉంది. మన ఆఫీసుల్లో ఎంతవరకు ఉందో ఎవరి గుండె మీద వాళ్లు చెయ్యి వేసుకుని చెప్పుకోవాలి.

ఇదంతా ఎక్కడో విదేశాల గొడవ అనుకోవద్దు. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలోనే, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ తొలి పరీక్షలు జరిగాయి. దాన్ని తయారుచేసేవాళ్లలో హైదరాబాద్ సంస్థలూ ఉన్నాయి. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటబోతే ఇంజన్‌లోని కంప్యూటర్ తానే బ్రేకు వేయాలి. అరనిమిషం తర్వాత వేసిన బ్రేకు బ్రేకే కాదు, అక్కడ ఆలస్యమైన సరైన జవాబు కూడా తప్పు జవాబే. కవచ్‌కు పెట్టుకున్న కొలత రైల్వే భద్రతలో అన్నిటికన్నా పై మెట్టు, ఎస్‌ఐఎల్-4. ప్రమాదకరంగా విఫలమయ్యే అవకాశం గంటకు పది కోట్లలో ఒక వంతుకన్నా తక్కువ ఉండాలి. అంటే పదకొండు వేల ఏళ్లకు పైగా ఆగకుండా నడిస్తే ఒకసారి. ఇలాంటి పట్టుదల కుదరనిదేం కాదు. పారిస్ మెట్రో 14వ లైనులో 1998 నుంచి డ్రైవరు లేని రైళ్లు నడుస్తున్నాయి. వాటి భద్రతా సాఫ్ట్‌వేర్‌ను గణిత నిరూపణతో కట్టి, తర్వాతే అడాలోకి మార్చారు.

కవచ్ మీద పనిచేసేవాళ్లకు ఆ కొలత కాగితం మీద ఉంది. మిగతా మనకు లేదు. ఇన్సులిన్ పంపు, కారు బ్రేకు, కరెంటు సబ్‌స్టేషన్, ఊరి మంచినీళ్ల మోటారు, వీటిలో ఏదో ఒకదాని కోడ్ మనలో ఎవరో ఒకరి చేతి మీదుగా పోతోంది, మాదాపూర్‌లోనో న్యూజెర్సీలోనో. అమీర్‌పేటలో మూడు నెలల్లో భాష నేర్పే అయ్యలారా, వార్నింగ్‌ను చదవడం మొదటి రోజే నేర్పండి. దాన్ని నొక్కేసే చిట్కా మీరు చెప్పకపోయినా వాళ్లకు తెలిసిపోతుంది. ఇంటర్వ్యూల్లో చెట్లను తిరగేసే లెక్కలు అడిగే అన్నలూ అక్కలూ, “నువ్వు చివరిసారి రిలీజ్ ఎప్పుడు ఆపమన్నావు?” అని ఒక్కసారి అడిగి చూడండి. అలా ఆపమన్నవాడికి ఏడాది చివర రేటింగ్ తగ్గించిన మేనేజర్లు ఈ పాటికి పేజీ తిప్పేసి ఉంటారు. ఫర్వాలేదు, వాళ్ల పైవాళ్లు చదువుతున్నారేమో. టెండరు రాసే అధికారులూ, ధర గడి పక్కన భద్రత గడి కూడా గీయండి. గడి ఉంటేనే ఎవరైనా నింపుతారు.

నెల కిందట నాతో ఆనాడు పనిచేసిన తమ్ముడొకడికి ఫోన్ చేశాను. ఆ కంట్రోలర్లు ఇప్పటికీ కొన్ని మిల్లుల్లో నడుస్తున్నాయట.

“అన్నా, బిల్డ్ ఫైల్లో నువ్వు చేర్చిన మాట అట్లనే ఉంది. దాని తర్వాత ఎంతమంది మారినా ఎవరూ ముట్టుకోలేదు.”

ఆ ఉష్ణోగ్రత గడి సంగతి రాసి కంపెనీకి పంపుదామన్నాను. కాసేపు మాట్లాడలేదు.

“ఎవరి పేరుతో రాద్దామన్నా?”

“ఆ కాగితం మీద ఉన్న నాలుగు పేర్లతో. కాకపోతే ఈసారి ఎవరిది వాళ్లే విడివిడిగా రాయాలి.”

నాది మొన్న పోస్టు చేశాను. ఇంకా మూడు వెళ్లాలి.