కొరియన్ ప్రత్యయాలతో తొలి పరిచయం

కొరియన్ నేర్చుకునేవారు అక్షరాలు దాటి వాక్యంలో అడుగుపెట్టగానే ఎదురయ్యేవి, నామవాచకాల చివర అంటుకొని వచ్చే ‘చోసా’ అనే చిన్న ప్రత్యయాలు. ఎవరు చేశారు, దేన్ని చేశారు, ఎక్కడ, ఎవరికి అన్న సంబంధాలను తెలిపే పని వీటిది కనుక, డుమువులతో మొదలయ్యే విభక్తుల పట్టికను బడిలో వల్లెవేసిన తెలుగువారికి ఈ ఏర్పాటు కొత్తది కాదు. క్రియ వాక్యం చివర రావడం, సంబంధాన్ని తెలిపే అంశం నామానికి వెనుక చేరడం రెండు భాషల్లోనూ ఉన్నవే. కొరియాలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన అమెరికన్ హోమర్ హల్బర్ట్ ఈ పోలికలకు ఆకర్షితుడై, కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోలుస్తూ 1905లో ఒక వ్యాకరణ గ్రంథమే వెలువరించాడు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవన్న వాదాన్ని నేటి భాషాశాస్త్రం అంగీకరించదు గాని, నిర్మాణంలోని పోలిక మాత్రం నేర్చుకునేవారికి నిజంగా అక్కరకొచ్చేదే.

పెనుకొండ దగ్గర కొరియా సంస్థ కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. కొరియన్ ధారావాహికలూ తెలుగు ఇళ్ళలోకి వచ్చాయి. ఇలా ఆ భాష మీద ఆసక్తి కలిగిన తెలుగువారిలో చాలామంది దాన్ని ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల ద్వారానే నేర్చుకుంటున్నారు. ఇది విచారించదగ్గ విషయం, ఎందుకంటే నామానికి ముందు వచ్చే మాటలతో నడిచే భాష గుండా వెళ్ళేసరికి, తెలుగు చేతికిచ్చిన సౌలభ్యం దారిలోనే జారిపోతుంది. ‘బడికి’, ‘మూడు గంటలకు’ అనే రెండు చోట్లా తెలుగు ఒకే ప్రత్యయాన్ని వాడినట్టే కొరియన్ కూడా ‘ఎ’ అనే ఒకే ప్రత్యయాన్ని వాడుతుంది. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేర్వేరు మాటలు కావాలి.

రూపాల విషయానికి వస్తే, తెలుగులో ఇకారం తరువాత ‘కి’, ‘ని’, ఇతర అచ్చుల తరువాత ‘కు’, ‘ను’ వచ్చినట్లుగా, కొరియన్‌లోనూ చాలా ప్రత్యయాలకు రెండేసి రూపాలుంటాయి. అక్కడ చూడవలసింది మాట హల్లుతో ముగిసిందా, అచ్చుతో ముగిసిందా అన్నది. కర్తను తెలిపే ప్రత్యయం హల్లు తరువాత ‘ఇ’, అచ్చు తరువాత ‘గా’. కర్మను తెలిపేది ‘ఉల్’, ‘రుల్’. ప్రస్తావిత విషయాన్ని తెలిపేది ‘ఉన్’, ‘నున్’. ఇక్కడ ఉకారంగా రాసిన అచ్చును పెదవులు గుండ్రంగా చుట్టకుండా పలకాలి. అన్నానికి ‘పప్’ అని పేరు; దానికి ‘ఇ’ చేరితే ‘పబి’ అని వినబడుతుంది. అచ్చుల మధ్య పరుషం సరళంగా మారే ఈ పద్ధతి, ‘వాడు గొట్టె’ వంటి గసడదవాదేశం ఎరిగినవారి చెవికి వింతగా తోచదు.

అసలు చిక్కు కర్త దగ్గర మొదలవుతుంది. డుమువులను ప్రథమా విభక్తి అని వ్యాకరణం చెప్పినా, ‘రాముడు’, ‘పుస్తకము’ అన్నప్పుడు అవి మాటలో భాగాలుగానే తోస్తాయి తప్ప కర్తకు పెట్టిన గుర్తులుగా నేటి తెలుగువారికి తోచవు. కొరియన్‌లో ఆ గుర్తు విడిగా ఉండటమే కాక, దాని స్థానానికి ‘ఇ/గా’, ‘ఉన్/నున్’ అనే రెండు జంటలు పోటీపడతాయి. ఏది ఎప్పుడు వాడాలన్న ప్రశ్న కొత్తవారిని చాలాకాలం వేధిస్తుంది.

జానపద కథ మొదలయ్యే తీరు చూస్తే ఈ భేదం తేటపడుతుంది. ‘యెన్నారె హన్ నముక్కుని సరస్సొయో’ అంటే పూర్వం ఒక కట్టెలు కొట్టేవాడు ఉండేవాడని అర్థం; అతడు కథలోకి అప్పుడే వస్తున్నాడు కాబట్టి ‘ఇ’ చేరింది. తరువాతి వాక్యం ‘కు నముక్కునున్ కానన్హెస్సొయో’, అనగా ఆ కట్టెలు కొట్టేవాడు పేదవాడు. శ్రోతకు అతడు ఇప్పటికే తెలిసినవాడై, మాట అతణ్ణి గురించే సాగుతున్నది కాబట్టి ‘ఉన్’ వచ్చింది. అంటే మొదటి ప్రత్యయం కొత్త వ్యక్తిని ప్రవేశపెడుతుంది, రెండవది తెలిసిన వ్యక్తిని ప్రస్తావనగా నిలుపుతుంది. తెలుగు కథకుడు ఇదే పనిని ‘ఒక’, ‘ఆ’ అనే విశేషణాలతో నెట్టుకొస్తాడు.

ఇదే కారణం వల్ల, ఎవరు వచ్చారన్న ప్రశ్నలో ప్రశ్నార్థక పదానికి ‘గా’ తప్ప ‘నున్’ చేరదు. తెలియనిదాన్ని ప్రస్తావనగా నిలపడం కుదరదు గదా. జవాబు కూడా ‘ఛింగుగా వాస్సొయో’ అనే రావాలి. ‘ఛింగునున్ వాస్సొయో’ అంటే స్నేహితుడైతే వచ్చాడు, మిగిలినవారి సంగతి వేరు అనే ధ్వని వస్తుంది. మాంసం తినేవారా అని అడిగినవారికి ‘కోగినున్ ఆన్ మొగొయో’ అని చెప్పినప్పుడు, మాంసమైతే తినరు గాని వేరేవి తింటారన్న సూచన అందులో ఇమిడి ఉంటుంది. తెలుగులో ‘అయితే’, ‘మాత్రం’ చేసే పని ఇది. కాబట్టి ‘ఉన్/నున్’ను విభక్తుల పట్టికలో వెదకడం మానుకొని, ఈ రెండు మాటల పక్కన నిలిపి చూడటమే తెలుగువారికి మేలైన దారి.

అనుభవాన్ని చెప్పే వాక్యాల్లో మరొక జాగ్రత్త అవసరం. ‘నాకు ఆకలిగా ఉంది’ అనే తెలుగు వాక్యం అలవాటైనవారు కొరియన్‌లోనూ ‘కు’కు సమానమైన ‘ఎగె’ను వెదుకుతారు. అక్కడ వాక్యం ‘నానున్ పెగా కోఫాయో’. వ్యక్తికి ప్రస్తావన ప్రత్యయం, ‘పె’ అనే కడుపుకు కర్తృ ప్రత్యయం చేరి, ఒకే వాక్యంలో రెండూ పక్కపక్కనే ఒదిగి ఉంటాయి. ఇష్టాయిష్టాలను చెప్పే చాలా వాక్యాలది కూడా ఇదే అచ్చు.

స్థలాన్ని చెప్పేటప్పుడు తెలుగు కంటే కొరియన్ ఎక్కువ పట్టింపు చూపుతుంది. ‘ఇంట్లో ఉన్నాడు’, ‘ఇంట్లో తింటున్నాడు’ అనే వాక్యాల్లో తెలుగుకు ‘లో’ ఒక్కటే చాలు. కొరియన్‌లో ఉనికిని చెబితే ‘చిబె’, పని జరిగే చోటును చెబితే ‘చిబెసొ’ అనాలి. ఈ ‘ఎసొ’యే ‘నుంచి’ అనే అర్థంలోనూ వస్తుంది గాని, చివరి క్రియ చూస్తే సందేహం తీరుతుంది. ‘కూడా’ అనే అర్థమిచ్చే ‘దో’ కర్తృ, కర్మ ప్రత్యయాలను తొలగించి వాటి చోట కూర్చుంటుంది. స్థలాన్ని చెప్పే ‘ఎ’ మీద మాత్రం, ‘ఇంట్లోనూ’ అన్నట్టుగా, అదనంగా చేరుతుంది.

మర్యాదను సైతం ప్రత్యయంలో నిలిపిన భాష ఇది. తెలుగులో ‘గారు’, క్రియాంతంలోని ‘రు’ ఆ పని చేస్తే, కొరియన్‌లో గౌరవనీయులైన కర్తకు ‘ఇ/గా’ బదులు ‘క్కెసొ’, వారికి ఏదైనా ఇచ్చినప్పుడు ‘ఎగె’ బదులు ‘క్కె’ వస్తాయి. ఇంత పట్టింపు గల భాషలోనే, ఇంట్లోనూ స్నేహితుల మధ్యా ‘పప్ మొగొస్సొ’ అంటూ, కర్మ ప్రత్యయం ఊసే లేకుండా అన్నం తిన్నావా అని అడుగుతారు. తెలుగులోనూ ‘అన్నాన్ని తిన్నావా’ అని ఎవరూ అనరు. అయితే తెలుగు ప్రాణంలేని వస్తువుల దగ్గరే ఎక్కువగా కర్మ ప్రత్యయాన్ని వదిలి, ‘రాముణ్ణి చూశాను’ అన్నప్పుడు నిలుపుకుంటుంది. కొరియన్ సంభాషణలో మనుషుల పేర్ల దగ్గర కూడా అది జారిపోవచ్చు. అందువల్ల రాతలో ప్రతి ప్రత్యయాన్నీ ఉంచి రాయడం పూర్తిగా అలవాటయ్యాకనే, మాటలో ఏది ఎక్కడ వదులుతున్నారో చెవితో పట్టుకోవడం మొదలుపెట్టాలి.