ఓటీపీ ఎవరి ఫోన్‌కొస్తే ఫైలు వాళ్లదేనా?

అన్నలారా, పాస్‌బుక్కులో మన పేరు పక్కన ఇంకొకరి పేరు పడితే ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతాం. మరి మన ఇంటి ఆడవాళ్ల ఆరోగ్య రికార్డు ఎవరి ఫోన్‌లో ఉందో ఒక్కసారైనా చూశారా?

2021 సెప్టెంబర్‌లో దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబర్ ఇస్తున్నారు. రిపోర్టులు, మందుల చీటీలు దానికి జతవుతాయి. వాటిని ఇంకొకరికి చూపాలంటే రోగి ఒప్పుకోవాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ లోపలికి వెళ్లేది మామూలుగా ఫోన్‌కొచ్చే ఓటీపీతో. మన ఇళ్లలో ఇంటిల్లిపాదికీ ఒకటే నంబర్, అదీ మగాయన జేబులో. ఇక ఒప్పుకున్నది ఎవరు?

"కుటుంబంలో దాపరికం ఏంటి?" అంటారు. కోడలికి గర్భం నిలవని సంగతి, కొడుకు మానసిక వైద్యుడి దగ్గరికెళ్లిన సంగతి ముందు ఇల్లంతా, తర్వాత ఊరంతా తెలియాలా? ఆ భయంతోనే కొందరు ఆసుపత్రికే పోరు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం, మానసిక ఆరోగ్య చట్టం రెండూ రోగి గుట్టు కాపాడాలనే చెప్పాయి.

అలాగని ఇంటివాళ్లకి ఏదీ తెలియొద్దని కాదు. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి అడిగినా, రోగి తరఫున అధికారం ఉన్న మనిషి అడిగినా 72 గంటల్లో రికార్డులివ్వాలి. రోగే వచ్చి అడిగితే "మీ ఆయన్ని తీసుకురామ్మా" అని తిప్పి పంపే హక్కు కౌంటర్‌లో ఎవరికీ లేదు.

18 దాటిన ప్రతి ఒక్కరి ఆభాకీ సొంత ఫోన్ నంబర్ పెట్టించండి. తమకి స్పృహ లేనప్పుడు ఎవరు చూడాలో వాళ్లనే ముందుగా రాసిపెట్టమనండి. పొలం కాగితం మీదున్న పట్టింపు ఒంటి కాగితం మీదా ఉండాలి.